నాకు అర్థమైన చుక్కలూ గీతలూ

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నేను పెద్దమనిషిని.

భిలాయి స్టీల్ ప్లాంటులో ఇంజినీరుని. సరదాకి హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే వైర్‌లెస్‌లో మాట్లాడుకోవడం. మా క్లబ్బులో నాకు చుక్కలూ గీతల మోర్స్ కోడ్ నేర్పింది రైల్వేలో రిటైరైన డేవిడ్ మాస్టారు. దగ్గర్లోని కుమ్హారి ఊళ్లో ఉండే ఆయన అక్క మార్తమ్మగారికి కూడా లైసెన్సుండేది. పక్షవాతంతో ఆవిడకు మాట పడిపోయింది, చూపు మందగించింది. కదిలే ఒక్క వేలితో కీ నొక్కుతూ తమ్ముడితో తెలుగులో కబుర్లాడేది. తెలుగు అక్షరాలకు చుక్కలూ గీతలూ కుదిర్చింది మాస్టారే. అడిగినవాళ్లందరికీ నేర్పేవారు. శ్రద్ధగా నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఒకరోజు క్లబ్బులో, నాకంటే పెద్ద ఆఫీసర్ల ముందు, మోర్స్ కీ మీద నా చెయ్యి ఇంకా తడబడుతోందన్నారాయన. అందరూ నవ్వారు. అంతే, అంతకుమించి ఏమీ జరగలేదు. ఇంత చిన్నదానికా అంటారేమో. చిన్నవాడికి చిన్నదే చాలు.

హామ్ రేడియోలో రహస్య సంకేతాలు వాడకూడదు. నలుగురికీ తెలిసినవైతే తప్పులేదు. ఆ తేడా నాకు బాగా తెలుసు. తెలిసే, మాస్టారు రహస్య సంకేతాలు వాడుతున్నారని పేరు లేకుండా ఫిర్యాదు పంపాను.

విచారణకు వచ్చినవాళ్లు అక్కాతమ్ముళ్ల కబుర్ల రికార్డింగు వినిపించి, ఇది అర్థమవుతోందా అని నన్నే అడిగారు. పనిమనిషి చారులో ఉప్పు వెయ్యలేదని అక్క తమ్ముడికి చెప్పుకుంటోంది. ప్రతి అక్షరం తెలిసింది. తెలియదన్నాను. ఏనాడూ నేర్చుకోని మా ఆఫీసర్లు గంభీరంగా తలలూపారు. వాళ్లని చూస్తే అసహ్యమేసింది. నన్ను చూసుకుంటే వెయ్యలేదెందుకు?

మాస్టారి లైసెన్సు ఆపేశారు. తర్వాత సుపేలా బజారులో ఆటో కోసం నిలబడి కనిపించారు. తప్పించుకోబోయాను. పిలిచారు.

"ఆ అక్షరాలు నీకు నేర్పినాను గదా బాబూ. తెలీదని సెప్పినావేటి?"

"రూలు అలా ఉంది మాస్టారూ."

"రహస్యం కూడదంది రూలు. మా అక్కకి రహస్యాలేటున్నాయి?"

ఆటో వచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు.

రేడియో ఆగిపోయాక మాస్టారు ఓపిక ఉన్నప్పుడు బస్సులో కుమ్హారి వెళ్లేవారు, అక్కాతమ్ముళ్లు ఒకరి అరచేతిలో ఒకరు వేలితో తట్టుకునేవారట. లైసెన్సు తిరిగి వచ్చేసరికి ఆవిడ వేలు కూడా కదలడం మానేసింది.

నేను అబద్ధమాడానని ఆయనకు తెలుసు. ఫిర్యాదు నాదేనని మాత్రం తెలియదు. వెళ్లి చెప్పవచ్చు. చెప్పను. ఆయన క్షమించేస్తారేమోనని భయం, ఆ క్షమ నాకు తగదు. ఆ ఫిర్యాదు రాసింది నేనే. ఇప్పుడు మీకు తెలిసింది. గుండె కాస్త తేలికపడింది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.