స్వామి మెడకు అందని చెయ్యి

మా ఊరి ఆంజనేయస్వామి నాకంటే జానెడు పొడుగు. పీఠంతో కలిపితే ఇంకో మూరెడు. ఆయనకు సింధూరం పూయాలన్నా, మెడలో దండ వెయ్యాలన్నా అర్చకుడి రెండు చేతులూ తల దాటి లేవాలి. పొదిలికి అవతల, పొగాకూ కందీ పండే ఆ మెట్ట ఊళ్లో మా నాన్నగారి తర్వాత ఆ పని నాకు వచ్చింది.

ఎనభైలలో ఒక హనుమజ్జయంతి ఊరేగింపులో, పల్లకీ మోసేవాళ్లలో ముందున్నతని కాలు రాయికి తగిలింది. పల్లకీ ఒరిగింది. ఉత్సవమూర్తి జారిపోతుంటే కుడిచెయ్యి చాచి పట్టుకున్నాను. మూర్తి కింద పడలేదు. నా భుజంలో మాత్రం పాతపంచె చిరిగినట్టు ఏదో పర్రుమంది.

వారంలో వాపు తగ్గింది. చెయ్యి మాత్రం లేవలేదు. అన్నం కలుపుకోగలను, రాయగలను. ఛాతీ దాటి పైకి పొమ్మంటే పోదు. కట్లు కట్టేవాడు ఎముక తప్పిందని ఆకుపసరు కట్టు కట్టాడు. పొదిలిలో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక బాగానే ఉంది, భుజం బిగిసింది, వాతం అన్నాడు. నూనె మర్దనా చేయించుకున్నాను. మూడు నెలలు గడిచిపోయాయి. ఎడమచేత్తో కుడి మోచేతిని పైకి నెట్టుకుంటూ సింధూరం పూసేవాణ్ణి.

ధర్మకర్త ఊళ్లో పెద్ద రైతు. ఒక శనివారం గుడికొచ్చి, దండ స్వామి చెవికి తగులుకుని వేలాడటం చూశాడు.

"పంతులుగారూ, ఏమీ అనుకోబాకండి. పక్కూళ్లో మీ చిన్నాయన కొడుకున్నాడుగా, ఆయన్ని పెట్టుకుందాం. మీరు కూర్చోని మంత్రాలు చదూకోండి."

"కూర్చోని చదవడానికి రేడియో ఉంది, నేనెందుకండీ?"

"కోపం దేనికి? అంగలోపం ఉన్నోడు స్వామిని తాకకూడదని మీ శాస్త్రంలోనే ఉందంటగా?"

"శాస్త్రం మీరు నాకు చెప్పొద్దు. ఈ చెయ్యి పోయింది స్వామిని పట్టుకోబోయే."

ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. సోమవారం నేనూ నా భార్యా గుంటూరు బస్సెక్కాం.

బ్రాడీపేటలో ఒక ఎముకల డాక్టరు గురించి ఎవరో చెప్పారు. ఆయన ఎక్స్‌రే పక్కన పడేసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి నిలబడి, రెండు భుజాలనూ చాలాసేపు పోల్చి చూశాడు. కుడి రెక్క ఎముక పైన గుంట పడిందట.

"మీరే ఎత్తండి" అన్నాడు. చెయ్యి ఛాతీ దగ్గరే ఆగింది. భుజం మాత్రం చెవివైపు ఎగబాకింది.

"ఇప్పుడు వదులుగా ఉంచండి" అని తానే నా చెయ్యి పట్టుకుని లేపాడు. నొప్పి పుట్టింది కానీ చెయ్యి తలదాకా వెళ్లింది! దాన్ని పక్కకు దించి, "ఇక్కడే ఆపండి" అని వదిలేశాడు. నరికిన కొమ్మలా దబ్బున పడిపోయింది.

"బిగిసిన భుజమైతే నేనెత్తినా లేవదు. మీది నేనెత్తితే లేస్తోంది, మీరెత్తితే లేవడం లేదు. కీలుకేం కాలేదు పంతులుగారూ. కండను ఎముకకు కట్టే స్నాయువు తెగింది."

మర్నాడు కీలులోకి సూదితో మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. కీలులోనే నిలవాల్సిన మందు పైకి కారి తెల్లగా కనిపించింది. చిల్లు ఎక్కడుందో నేను కూడా చూడగలిగాను.

అంతా చెప్పి డాక్టరు వెనక్కి తగ్గాడు. "ఆపరేషన్ చేసినా మునుపటిలా వస్తుందని హామీ ఇవ్వలేను. అన్నం తింటున్నారు, రాస్తున్నారు. చాలామంది ఇలాగే సర్దుకుపోతారు."

"నేను సర్దుకుపోనండీ. మా స్వామి నిలబడి ఉంటాడు. ఆయన వంగడు. నేనే అందుకోవాలి."

ఆయన నవ్వాడు. "అయితే ఆరువారాలు ఆ చెయ్యి మీది కాదనుకోండి. కుట్టడం నా వంతు, కాపాడుకోవడం మీ వంతు."

భుజం మీద నాలుగు వేళ్ల మేర కోసి, కండకు రాసుకుంటున్న ఎముక అంచు చెక్కి, వెనక్కి ముడుచుకుపోయిన స్నాయువును లాక్కొచ్చి, ఎముకకు సన్నటి రంధ్రాలు చేసి గట్టి దారంతో కట్టానని తర్వాత చెప్పాడు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే అది అందేది కాదట.

ఆరువారాలు చెయ్యి ఛాతీకి కట్టి ఉంది. ఎడమచేత్తో తినడానికి మనసొప్పక, నా భార్య స్పూనుతో పెడితే తిన్నాను. ఆమే రోజూ కట్టు విప్పి, డాక్టరు చూపించినట్టు నా చెయ్యి మెల్లగా ఎత్తి దించేది. ఈలోగా ధర్మకర్త పరామర్శకు వచ్చాడు. మా చిన్నాయన కొడుకే పూజ చేస్తున్నాడు.

"కత్తి పడిన ఒంటితో ఇంక గర్భగుడిలోకి ఎట్టా పోతారు పంతులుగారూ?"

నేను నోరు తెరిచేలోపే నా భార్య అంది: "అన్నయ్యగారూ, కిందటేడు మీరు కంట్లో పొర కోయించుకున్నారు. మిమ్మల్ని ధర్మకర్తగా వద్దన్నామా?"

ఆయన కాఫీ తాగకుండానే లేచాడు.

కట్టు తీశాక అసలు కష్టం మొదలైంది. దూలానికి కప్పీ కట్టి, తాడు ఒక కొస ఎడమచేత్తో లాగుతూ రెండో కొస పట్టుకున్న కుడిచేతిని లేపేవాణ్ణి. కళ్లవెంట నీళ్లు కారేవి. ఇంటిముందు పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. చూడనీ అనుకున్నాను. నెలకు రెండంగుళాలు పైకి పోతే గొప్ప.

ఆపరేషనైన ఎనిమిది నెలల తర్వాత ఒక మంగళవారం, గుడి నిండా జనం ఉండగా గర్భగుడిలోకి వెళ్లాను. దండ తీసుకుని రెండు చేతులూ ఎత్తాను. కుడిచెయ్యి స్వామి గడ్డం దగ్గర ఆగిపోయింది. మా చిన్నాయన కొడుకు సాయానికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు" అన్నాను.

మూడో ప్రయత్నంలో దండ కిరీటం దాటి మెడలో పడింది. ధర్మకర్త వరసలో నిలబడి నేను కుడిచేత్తో ఇచ్చిన తీర్థం పుచ్చుకున్నాడు. మా చిన్నాయన కొడుకు ఆ సాయంత్రమే సంతోషంగా తన ఊరికి వెళ్లిపోయాడు.

చెయ్యి పూర్తిగా బాగుపడలేదు. వీపు గోక్కోలేను. చలికాలం సలుపుతుంది. నీళ్ల బిందె ఎడమచేత్తోనే ఎత్తేవాణ్ణి. అయినా ఆ తర్వాత పదిహేనేళ్లు స్వామికి దండ వేశాను. చివరికి మోకాళ్లు సహకరించక నేనే మానుకున్నాను. ఎవరూ మాన్పించలేదు.