నూకయ్య మామకు నీడ పడదు

నీడలో ఎవరైనా కుదురుగా కూర్చుంటే నూకయ్య మామ చూడలేడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. పందొమ్మిది వందల అరవై రెండు చలికాలంలో పట్టుకుంది ఆయనకు ఈ పిచ్చి. ఆదివారం వస్తే మా రైల్వే క్వార్టర్ల వరసలో ఎవరికీ కునుకుండేది కాదు. మంచాలు ఎండలోకి లాగేసేవాడు, పైన మనిషి ఉన్నా సరే.

"లెగండి! సూరీడు తగిలితేనే ఒంట్లో డి విటమిను తయారవుద్ది! అది లేపోతే ఎముకలు గట్టిపడవు!"

"జొరంగా ఉంది మావా."

"జొరాన్ని కూడా ఎండలోకి తే!"

ఓరోజు చేపలమ్మే బెంగాలీ దాదాను మా గుమ్మంలోకి లాక్కొచ్చాడు.

"రత్నం, ఇలిష్ కొను, మన పులసే. డి విటమినంతా ఇందులోనే ఉంది."

"ఇవాళ శనివారం మావా, సేప తినం."

"గుడ్డు?"

"అదీ తినం."

"అయితే ఎండలో కూకో. ఎండకి శనివారం లేదు!"

అంతటితో ఆగితే బాగుండేది. ప్రతి ఆదివారం పొద్దెక్కాక వరసలోని పిల్లలందరికీ చొక్కాలు విప్పించి, ఆవనూనె పట్టించి, మైదానంలో పరుగులు పెట్టించేవాడు. నా బట్టల సబ్బంతా మా చిన్నాడి మట్టికే సరిపోయేది. ఒళ్లు మండి ఓ ఆదివారం పోట్లాటకు బయల్దేరాను.

మైదానం ఒడ్డున, మా వరసలోకి కొత్తగా వచ్చిన హైమవతి కూర్చుని ఉంది. ఎప్పుడూ తలుపు తీయని మనిషి! ఆమె రెండేళ్ల కూతురు శ్యామలను దుప్పటి చుట్టకుండా చూడటం నాకదే మొదలు. కాళ్లు విల్లుల్లా వంగి ఉన్నాయి. నూనెతో మెరుస్తూ గోల చేస్తున్న ఆ గుంపులో తనూ తూలుతూ తిరుగుతోంది. ఎవరూ దాని కాళ్లు చూడటం లేదు.

"డి విటమిను తక్కువట అక్కా," అంది హైమవతి. "డాట్రుగారు మందిచ్చి, ఎండ తగలనీమన్నారు. అందరూ సూస్తారని నేనే బయటికి తేలేకపోయినాను. మావకి తెలిసి, 'పిల్లలందరినీ తెస్తాను, అప్పుడు నీ పిల్లని ఎవుడు సూస్తాడో సూద్దాం' అన్నాడు."

పోట్లాట మానేసి మామ దగ్గరికి వెళ్లాను.

"మాకు ముందే సెప్పొచ్చు కదా మావా?"

"సెప్తే మీరంతా దాన్నే సూద్దురు. అడ్డు తప్పుకో, పిల్లలు పరిగెడతన్నారు!"

మందు, ఎండ, గుడ్డు సొన కలిసి పనిచేశాయి. ఆ తర్వాత మూడో ఏటికి శ్యామల కాళ్లు దాదాపు తిన్నగా వచ్చాయి. ఓ ఆదివారం మా చిన్నాణ్ణి పరుగులో ఓడించింది. వాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే, కన్నతల్లినై ఉండి నేను చప్పట్లు కొట్టాను.