అమాస నాటి ఫోటో

మా పెద్దమ్మ పోయిందని పొద్దున్నే ఫోన్ వచ్చింది. మక్తల్‌లో బడికి బయలుదేరబోతూ చెప్పులు వేసుకుంటున్నాను. చేసింది తమ్ముడు. "అక్కా, పెద్దమ్మ ఇగ లేదు" అన్నాడు. "పండుకున్నది పండుకున్నట్టే పోయింది" అని కూడా అన్నాడు. ఆ రెండో మాట విన్నాక నాకు ఏడుపు కంటే ముందు ఒక నిట్టూర్పు వచ్చింది. పోనీలే, ఇప్పటికైనా పడుకుంది అనిపించింది. ఆమెను దగ్గర నుంచి ఎరిగినవాళ్లెవరూ ఈ మాటకు నన్ను తప్పుపట్టరు.

మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. నారాయణపేటలో కండెలు చుట్టే యంత్రం కనిపెట్టిన మనిషి గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా ఒకటే ఫోటో వేసేవారు. ఎడమ పక్క యంత్రం, దాని సైకిలు చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. వెనక నిలబడి నవ్వుతున్నది మా పెద్దనాయిన. కుడి పక్క కుర్చీలో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నది మా పెద్దమ్మ. యంత్రం వచ్చింది, ఇల్లాలికి విశ్రాంతి దొరికింది అని కింద రాసేవారు. ఆ ఫోటో క్యాలెండర్ల మీదికి ఎక్కింది, కొన్నాళ్లు బస్టాండు దగ్గర బోర్డు మీద కూడా ఉంది.

నేసే మనిషి ఒక్కడే మగ్గం మీద కనిపిస్తాడు కానీ, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెకు పోగు అందాలంటే ఇంట్లో ఆడవాళ్లు పొద్దంతా చిన్న గొట్టాలకు పోగు ఎక్కించి కండెలు చుట్టాలి. ఎడమ చేత్తో పోగు పట్టుకోవాలి, కుడి చేత్తో రాట్నం తిప్పాలి. అట్లా తిప్పీ తిప్పీ పెద్దమ్మ కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చేయి లేచేది కాదు, పక్కింట్లోంచి మా అమ్మ వెళ్లి వేసి వచ్చేది. అయినా పరీక్షలప్పుడు నా వంతు కండెలు కూడా లాక్కుని, "నువ్వు పో, గవి నేను చుడుత" అని నన్ను పుస్తకాల దగ్గరికి తరిమేది. ఈ రోజు నేను పిల్లలకు పాఠం చెబుతున్నానంటే అందులో ఆ భుజం నొప్పి ఉంది.

ఆ భుజాన్ని చూడలేకనే పెద్దనాయిన పాత ఫ్యాను మోటారు, సైకిలు చక్రం తెచ్చి యంత్రం మొదలుపెట్టాడు. అది నూలు మీద చక్కగా నడిచింది. నూలు నేసే ఇళ్లలో ఇప్పటికీ నడుస్తోంది, అక్కడి ఆడవాళ్లు ఆయనకు దండం పెడతారు. పట్టు పోగు పెడితే మాత్రం టప్పున తెగేది. మా వాళ్లు నేసేది పట్టు. ఎవరికోసం చేశాడో ఆ ఒక్క మనిషికే అది పనికిరాలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయనకు హైదరాబాద్‌లో సన్మానం అన్నారు. ప్రచారానికి ఫోటో కావాలని కారులో మనుషులు దిగారు. దిగింది అమావాస్య నాడు. ఆ రోజు మా నేతగాళ్ల ఇళ్లలో మగ్గానికి సెలవు, పోగు ముట్టరు. ఆ సంగతి వాళ్లకేం తెలుసు? పెద్దమ్మను యంత్రం ముందు కూర్చుని పోగు పట్టుకోమన్నారు.

"ఇయ్యాల ముట్ట సారూ. రేపు రాండ్రి" అంది.

"రేపు మాకు వేరే ఊళ్లో పనుందమ్మా. ఒక్క నిమిషం పట్టుకోండి, చాలు."

"నిమిషమైనా అమాసనే గదా సారూ."

పెద్దనాయిన ముఖం వాడిపోయింది. ఆమె ఆ ముఖం చూసింది. "ఊకె కూసోమంటే కూసుంట. పోగు ముట్టమంటే మాత్రం ముట్ట" అంది. ఫోటోగ్రాఫర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అదే బాగుందమ్మా! యంత్రం పని చేస్తుంటే మీరు హాయిగా చాయ్ తాగుతున్నట్టు తీద్దాం" అన్నాడు. కుర్చీ మా ఇంట్లోంచి వెళ్లింది. వచ్చినవాళ్లకు చాయ్ పోసేసరికే పాలు అయిపోయాయి కాబట్టి ఆమెకు ఖాళీ గ్లాసు ఇచ్చారు. అమాస కాబట్టి పెద్దనాయిన మోటారు వేయకుండా చేత్తోనే చక్రం తిప్పి వదిలి, నవ్వుతూ నిలబడ్డాడు. కండెల మీద పోగే లేదు. మా వీధివాళ్లు ఆ ఫోటో చూసి మొదట నవ్వేది అక్కడే.

ఆ తర్వాత ఇల్లు సంతైంది. కాలేజీ పిల్లలు, పేపరువాళ్లు, ఎవరెవరో వచ్చేవారు. ముందు గదిలో పెద్దనాయిన నూలు పెట్టి యంత్రం ఆడించి చూపేవాడు. పెద్దమ్మ అందరికీ చాయ్ ఇచ్చి, వెనక గదిలోకి పోయి రాట్నం మీద పట్టు చుట్టుకునేది. "యంత్రం వచ్చాక సుఖంగా ఉందా అమ్మా?" అని అడిగేవారు. "సుఖమే బిడ్డా. ఫోటోల చూస్తిరి గదా" అనేది, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ. తన చాయ్ మాత్రం దర్వాజకు ఆనుకుని, చల్లారిపోయాక రెండు గుటకల్లో తాగేది. అమావాస్య వస్తే ఇల్లు కడుగుడు, బొంతలు ఉతుకుడు. "అమాస మగ్గానికే బిడ్డా, నాకు గాదు" అని నవ్వేది.

నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది. ఒకసారి ఉండబట్టలేక, "అది పట్టు చుట్టదని చెప్పేయరాదా పెద్దమ్మా? ఎవరికోసం గీ నాటకం?" అన్నాను.

"గాయన నా భుజం కోసమే చేసిండు. చుడుతలేదని పదిమంది ముంగట నేనే అంటే ఇగ దాని దిక్కు సూడడు. సూడనియ్యి. ఎన్నడో ఒకనాడు చుడతది."

ఆయన చూస్తూనే ఉన్నాడు పాపం. ఏదో మార్చి, ఏదో బిగించి, "ఏమే, జర ఇటు రా" అని పిలిచేవాడు. ఆమె పట్టు పోగు ఎక్కించేది. తెగేది. తెగిన కొసలు అతికి, "మొన్నటికంటే నయమే" అని మళ్లీ తన రాట్నం దగ్గరికి వెళ్లేది. ఎన్నేళ్లు విన్నానో ఆ మాట. వినీ వినీ నాకే అలసట వచ్చింది, ఆమెకు రాలేదంటే నమ్మను. ఎన్నడూ పైకి అనలేదు, అంతే.

దినాలకు దండ వేయడానికి ఫోటో కావలసి వచ్చింది. ఇల్లంతా వెతికినా ఆమె ముఖం తేటగా ఉన్నది ఆ ఒక్కటే. స్టూడియోలో యంత్రాన్నీ పెద్దనాయిననూ కత్తిరించి, ఆమె ఒక్కదాన్నే పెద్దది చేసి ఇచ్చారు. తమ్ముడు మా ఇంట్లోంచి ఆ పాత కుర్చీనే తెచ్చి ఫోటోను దాని మీద నిలబెట్టాడు.

పెద్దనాయిన పొద్దంతా దాని ఎదుట నేల మీద కూర్చున్నాడు. చుట్టాలు తిని వెళ్లిపోయాక లేచి వంటింట్లోకి పోయాడు. గిన్నెల చప్పుడు వినిపించింది. గ్లాసు నిండా చాయ్ తెచ్చి, కుర్చీలో ఫోటోకు ఆనించి పెట్టాడు.

"గప్పుడు ఉత్త గ్లాస్ ఇచ్చినం" అన్నాడు నా వైపు చూడకుండానే. "ఇయ్యాల అమాస గూడ గాదు. అయినా కూసున్నది."

చాయ్ ఆవిరి ఫోటో అద్దానికి పట్టి ఆమె ముఖం మసకబారింది. ఆయన భుజం మీది తువ్వాలతో తుడిచాడు. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచాడు. చాయ్ చల్లారేదాకా అట్లా తుడుస్తూనే ఉన్నాడు.