రాక్షసబల్లికి హవాయి చెప్పులు

మా మేనమామ తీసిన ఆదిమానవుల సినిమా అంటే నాకు ఒళ్ళుమంట. నిన్నా మొన్నా పుట్టిన మంట కాదు, నేను కాలేజీలో చదివే రోజుల నాటిది. ఎవరైనా దాని ఊసెత్తితే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను. ఈ మధ్య కుర్రకారంతా దాన్ని ఫోన్లలో చూసి, ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోతున్నారు. ముద్దట! వాళ్ళింట్లో వాళ్ళు నెత్తిన జనపనార జుట్టు పెట్టుకుని ‘హూ హా’ అని గెంతి ఉంటే తెలిసేది, ఆ ముద్దు ఏపాటిదో.

మామ మా అమ్మకు తమ్ముడు. వరంగల్ చౌరస్తా దగ్గర స్టూడియో పెట్టుకుని పెళ్ళి వీడియోలు తీసేవాడు. పెళ్ళికూతురి మొహాన్ని తామరపువ్వులోంచి తేలివచ్చేలా చేయడం, పెళ్ళికొడుకును మంచుకొండల మీద నిలబెట్టడం అతనికి బాగా వచ్చు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఒక ఎండాకాలం మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. కెమెరా ఖాళీగా ఉందని మనిషికి పిచ్చెక్కింది, సినిమా తీస్తానన్నాడు. రాతియుగం కథయితే సెట్లు అక్కర్లేదు, బట్టలు అక్కర్లేదు, మాటలూ అక్కర్లేదని అతని లెక్క. మడికొండ గుట్టల మీద బండలున్నాయి, గుహలా కనిపించే సందొకటి ఉంది, నటించడానికి ఇంటినిండా చుట్టాలున్నారు. ఇంకేం కావాలట.

చుట్టాలందరికీ గొంగళ్ళు చుట్టాడు. నడి ఎండలో ఉన్ని గొంగడి కట్టుకుని గుట్ట ఎక్కించాడు. ఆ సినిమాలో ఆదిమానవుల మొహాల్లో కనిపించే బాధ నటన కాదు, ఒంటి దురద. భుజాల మీద టీకా మచ్చలు, ఒకడి మణికట్టుకు వాచీ తీసిన తెల్లటి గుర్తు, వెనకాల నిటారుగా కరెంటు స్తంభం. గుంపు నాయకుడు నిప్పు కనిపెట్టే ఘట్టంలో కాజీపేట వైపు నుంచి రైలు కూత వినిపిస్తుంది. అందరూ ఉలిక్కిపడి తలలు తిప్పేది నిప్పును చూసి కాదు, ఆ కూత విని. మామ దాన్ని కూడా కోయలేదు, భావం బాగా పలికిందన్నాడు.

కథలో రాక్షసబల్లి కూడా ఉందన్నాడు మామ. మనుషులూ రాక్షసబల్లులూ ఒకే కాలంలో బతకలేదని నేను చదువుకున్న మాట చెప్పాను. బల్లి లేకుంటే ఎవడు చూస్తాడని నన్నే కసిరాడు. ఆ బల్లి చేయడానికి మా బాపును పట్టుకున్నాడు.

బాపు కాశిబుగ్గలో జంపఖానాలు నేసేవాడు. వెదురుబద్దల చట్రం మీద తను నేసిన రెండు జంపఖానాలు కప్పి, కుట్టి, ఆకుపచ్చ రంగు పూసి, థర్మాకోల్ పళ్ళు అతికించి ఇచ్చాడు. తీరా దాన్ని మోసేవాడు ఎవడూ దొరకలేదు. దూరినవాడల్లా ఉక్కపోతకు తట్టుకోలేక బయటపడ్డాడు. చివరికి బావమరిది ముచ్చట తీర్చడానికి బాపే దూరాడు. గుట్ట నిండా పల్లేరు ముళ్ళు, అందుకని చెప్పులు విప్పనన్నాడు. అలా తెర మీదికి వచ్చింది మా వంశ గౌరవం. పైన నోరు తెరిచిన బల్లి, కింద నీలం పట్టీల హవాయి చెప్పులు. మగ్గం గుంటలో కూర్చుని ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ బాపు కుడికాలు నడిచేటప్పుడు బయటికి తిరిగి పడేది. బల్లి కూడా అచ్చం అలాగే నడిచింది.

అమ్మది గుంపు తల్లి వేషం. రాతియుగంలో పుస్తెలు ఉండవు కాబట్టి తీసి పక్కన పెట్టమన్నాడు మామ. అమ్మ అతన్ని అందరి ముందూ కడిగిపారేసింది.

“నీ సినిమా పాడుగాను. మీ బావ సల్లగ ఉండంగ పుస్తెలు తీయుమంటవారా?”

ఇక చేసేదేముంది, వాటిని కప్పేలా మేక ఎముకలు గుచ్చిన బొక్కల దండ ఒకటి అమ్మ మెడలో వేశారు. బల్లి గుహ మీద పడ్డప్పుడు అమ్మ ఈటె పట్టుకుని ఎదురు పరుగెత్తాలి. పరుగులో బొక్కలు ఒక పక్కకు జరిగి, రెండు పుస్తెలూ బయటపడి ఎండకు తళుక్కుమన్నాయి. ఈటెతో ఎవరిని పొడవబోతోందో తెలుసా? ఆ పుస్తెలు కట్టినాయన్నే.

లోకల్ కేబుల్లో ఒక ఆదివారం వేశారు. వాడకట్టు వాడకట్టంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కాలేజీలో నేను బల్లి బిడ్డనైపోయాను. నేను కుడికాలు ఎలా వేస్తున్నానో చూడటానికి వెనకాలే నడిచిన దరిద్రులు కూడా ఉన్నారు. మామతో నేను చాలా కాలం మాట్లాడలేదు. అతను మళ్ళీ పెళ్ళి వీడియోలకు పోయాడు. క్యాసెట్టు బీరువాలో పడింది, పీడ విరగడైందనుకున్నాను.

కొన్నేళ్ళకు బాపు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. దినాల నాడు తల్లిగారింటి చీర తెచ్చింది మామే. భర్త పోయిన అక్కకు తమ్ముడు చేయాల్సిన పని అది, చేశాడు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని అమ్మ మెడలోంచి పుస్తెలు తీశారు. మామ గడప బయట గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది.

ఇంత జరిగాక, ఎవడు బీరువా తెరిచాడో గానీ, పోయినేడు ఆ సినిమాను తెచ్చి నెట్లో పెట్టారు. ముక్కలు ముక్కలుగా కోసి, కింద రాతలు రాసి, పాటలు కలిపి పంచుకున్నారు. కావాలని తీసిన కామెడీలో ఇంత మజా ఉండదట. తెలియకుండా కుదిరిన అందమట. తెలియకుండా కుదిరిన అందం! ఎండలో మాడిన మనుషుల అవస్థ వీళ్ళకు సాయంత్రం కాలక్షేపం. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే కొందరు పిల్లలు దాన్ని పెద్ద తెర మీద వేసుకుంటామని మామను అతిథిగా పిలిచారు. ఎందుకు పిలుస్తున్నారో నాకు అర్థమైంది. మామకు కాలేదు. పెళ్ళిలో ఎవరో కప్పిన శాలువా తీసి ఇస్త్రీ చేయించుకున్నాడు. అక్క రావాల్సిందేనని పట్టుబట్టి అమ్మను బయల్దేరదీశాడు. అమ్మను ఒంటరిగా ఆ నవ్వుల మధ్యకు పంపలేక నేనూ వెళ్ళాను.

చల్లటి గది, మెత్తటి కుర్చీలు. అద్దాల్లోంచి చూస్తే ఎదురుగా అదే గుట్ట. ముందు వరసలో మమ్మల్ని కూర్చోబెట్టారు. టీకా మచ్చలకు నవ్వారు, స్తంభానికి నవ్వారు, రైలు కూతకు లేచి చప్పట్లు కొట్టారు. అమ్మ ఈటె పట్టుకుని పరుగెత్తగానే, ‘తాళి, తాళి’ అని అందరూ ముందే కేక పెట్టారు. బల్లి వచ్చింది. చెప్పులు కనపడగానే ఒకడు కుర్చీల మధ్య సందులో కుడికాలు బయటికి విసురుతూ నడిచి చూపించాడు. లేచి వాడి చెంప పగలగొడదామనుకున్నాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమె కళ్ళు తెర మీంచి కదలలేదు. సిగ్గుతో బిగుసుకుపోయిందనుకున్నాను.

అయిపోయాక మెడలో కార్డు వేలాడుతున్న ఒక అమ్మాయి వచ్చి అమ్మ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగింది. ఆంటీ తాళి సీనంటే తమ ఆఫీసులో అందరికీ ప్రాణమట. ఎవరో మామను, చెప్పులు కావాలనే ఉంచారా అని అడిగారు. మామ చేతిలో గ్లాసుడు నీళ్ళు పట్టుకుని వాటి వంకే చూశాడు. ఆటోలో శాలువా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. మనసులో ఎక్కడో, బాగా అయింది అనుకున్నాను. ఆ నవ్విన పిల్లల మీదైతే అంతకు నాలుగింతలు మండింది.

ఇరవై రోజులు మామ జాడ లేదు. తర్వాత ఒక మధ్యాహ్నం చంకలో ల్యాప్‌టాప్‌తో దిగాడు. మొహం వెలిగిపోతోంది. హనుమకొండలో ఎవరో కుర్రాడికి ఇచ్చి సినిమాను బాగుచేయిస్తున్నాడట. ఇప్పుడు కంప్యూటర్ ఏదంటే అది తుడిచేస్తుందట. స్తంభం పోయింది, టీకా మచ్చలు పోయాయి, రైలు కూత పోయింది. ఇక నవ్వేవాళ్ళ నోళ్ళు మూతపడతాయన్నాడు. చాప మీద కూర్చుని అమ్మ ముందు తెర తెరిచాడు.

అమ్మ ఈటె పట్టుకుని పరుగెత్తుకొస్తోంది. బొక్కల దండ పక్కకు జరిగింది. మెడ బోసిగా ఉంది.

చేతిలో ఉన్న చేట కింద పడేశాను.

“ఆనాడు చీర తెచ్చినవ్, ఈనాడు కంప్యూటర్ తెచ్చినవ్. ఆమె పుస్తెలు ఇంకెన్నిసార్లు తీస్తవ్ మామా?”

మామ మొహం నల్లబడింది. అయినా తగ్గలేదు. “వాళ్ళు మా అక్క మెడ చూసి నవ్విండ్రు కోడలా. ముందట్నే కూసొని ఇన్న,” అన్నాడు.

నవ్వితే నవ్వనీ, ఉన్నదున్నట్టు ఉండాల్సిందే, ఒక్కటీ తుడవడానికి వీల్లేదని నేను అరిచాను. అరుస్తుంటేనే తెలిసింది, ఆ ఐటీ పార్కు పిల్లలు అనేదీ అదేనని. ఒక్కటీ మార్చొద్దని వాళ్ళూ రాస్తున్నారు. నా జన్మలో వాళ్ళతో ఏకమవుతానని అనుకోలేదు, ఇంకా ఒళ్ళు మండింది. పుస్తెలు మళ్ళీ పెట్టించకపోతే గడప తొక్కొద్దన్నాను. మామ కూడా లేచి నిలబడ్డాడు, తన సినిమా తన ఇష్టమన్నాడు. మా ఇద్దరి మధ్య అమ్మ కూర్చునే ఉంది. మా మాటలు ఆమె చెవిన పడుతున్నట్టు లేదు.

తెర మీద బల్లి బండ వెనక నుంచి బయటికొచ్చింది. కింద లావుపాటి పచ్చటి కాళ్ళు, పొలుసులు, పొడుగాటి గోళ్ళు. తిన్నగా, ఠీవిగా నడిచింది. అమ్మ ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా మొహం దగ్గరికి జరుపుకుంది.

“ఇవ్వెవరి కాళ్ళురా?”

కంప్యూటర్ గీసిన కాళ్ళని మామ చెప్పాడు, మనిషి కాళ్ళు కనపడకుండా అని. అమ్మ తెర మీంచి తల ఎత్తకుండానే అన్నది.

“పుస్తెలు తీస్తే తీయ్ తమ్మీ, అవి ఎట్లాగూ పోయినయే. మీ బావ కాళ్ళు నాకు తెచ్చియ్యి.”

మామ చాప మీద కూలబడ్డాడు.

మా ఇంట్లో బాపుది ఒకటే ఫోటో ఉంది. రేషన్ కార్డు కోసం దిగింది, పెద్దది చేయించి గోడకు పెట్టాం. మొహం, మెడ, అంతే. బతికున్నప్పుడు పొద్దంతా మగ్గం గుంటలో నడుము దాకా దిగి ఉండేవాడు. వచ్చీపోయేవాళ్ళకు ఆయన కాళ్ళే కనిపించేవి కావు. మామ తీసిన అన్ని పెళ్ళి క్యాసెట్లలోనూ బాపు కెమెరా వెనక లైటు పట్టుకుని నిలబడ్డవాడే, ఒక్కదాంట్లో కూడా కనిపించడు. ఆయన నడిచి రావడం ఈ లోకంలో ఒక్కచోటే మిగిలింది. ఆ రోజు చల్లటి గదిలో అందరూ నవ్వుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది దాన్నే.

మామ ల్యాప్‌టాప్ మూసి, దాని మీద తల ఆనించి ఏడ్చాడు. లోపలున్నది బావ అన్న సంగతి మరిచిపోయినట్టు కాళ్ళు తుడిపించానక్కా అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. అమ్మ ఓదార్చలేదు. ఫోన్లో పాతది పెట్టమంది. పెట్టాడు. బండ వెనక నుంచి కుడికాలు బయటికి విసురుకుంటూ చెప్పులు రాగానే, జర ఆపమంది. ఆపాడు. చాలాసేపు అలా చూసి, లేచి అతనికి అన్నం పెట్టింది.

కొత్తది ఆగిపోయింది. స్తంభంతో, మచ్చలతో, పుస్తెలతో, చెప్పులతో పాతదే నెట్లో ఉంది. నాకు ఇప్పటికీ దాన్ని చూస్తే ఒళ్ళుమంటే. కింద రాసేవాళ్ళను ఇప్పటికీ తిట్టుకుంటాను. మొన్న మాత్రం ఒకడి రాత దగ్గర ఆగాను. ఈ సినిమా మొత్తంలో నటించినవి ఆ చెప్పుల కాళ్ళొక్కటే అని రాశాడు. ఎవడో గానీ, వాడిని మాత్రం ఏమీ అనలేకపోయాను. బియ్యం ఏరుతున్న అమ్మకు చదివి వినిపించాను.

అమ్మ చేట లోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది.

“నటించుడేంది? ఆయన నడకే గంత.”