బ్యాండు మీద చెల్లెలి నంబరు

2022లో, కరోనా ఆంక్షలు తొలగి కొండకు జనం మళ్ళీ పోటెత్తుతున్న రోజుల్లో, తిరుపతి బస్టాండు పక్కన ఉన్న పోలీసు సహాయ కేంద్రంలో నేను హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసేదాన్ని. సహాయ కేంద్రం అంటే రేకుల కప్పు వేసిన చిన్న గది, రెండు బల్లలు, ఒక మైకు, తాగే నీళ్ళ క్యాను. పోలీసులంటే కేసులూ లాఠీలూ అనుకునేవాళ్ళు అక్కడ ఒక పూట కూర్చుంటే ఆశ్చర్యపోతారు. బృందం నుంచి విడిపోయిన ముసలివాళ్ళను మళ్ళీ కలపడం, బస్సులో మరిచిపోయిన సంచులు వెతికించడం, మన భాష రాని యాత్రికులకు దారి చెప్పడం మా రోజువారీ పని. అన్నిటికంటే ఎక్కువగా చేసేది పిల్లల చేతులకు బ్యాండ్లు కట్టడం.

ఆసుపత్రిలో రోగి చేతికి వేసే పట్టీ లాంటిదే ఈ బ్యాండు. నీళ్ళకు చినగదు, పిల్లలు లాగినా ఊడదు. దాని మీద పిల్ల పేరూ, పెద్దవాళ్ళ ఫోన్ నంబరూ రాసి కడతాం. పిల్ల తప్పిపోతే ఎవరి కంటపడినా ఆ నంబరుకు ఫోన్ చేస్తారు. దీనికి రుసుము లేదు, ఫిర్యాదు అక్కర్లేదు, అడిగితే చాలు.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. మా నాయన అక్కడి చిన్న క్రైస్తవ సంఘానికి కాపరి. వాక్యం చదవడం, తప్పిపోయినవాళ్ళ కోసం మోకరించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బొట్టు లేని నా నుదురు చూసి కొండకు వచ్చిన ముసలమ్మలు, “ఏమ్మా, స్టిక్కరు యాడన్నా పడిపోయిందా?” అని అడిగేవారు. నాతో పనిచేసే హోంగార్డు వెంకటముని నవ్వేవాడు. “కరుణక్కా, నువ్వు రోజుకు ఇంతమంది భక్తులకు సేవ చేస్తాండావు. మీ ప్రభువు, మా స్వామి ఇద్దరూ కలిసి నీకే జీతం ఇయ్యాల.” నేను కూడా నవ్వేదాన్ని. ఎవరి బిడ్డ చేతికి బ్యాండు కట్టినా లోపల ఒక ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు.

ఆ రోజు పొద్దున ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లికి ముప్పై లోపే ఉంటుంది, పాపకు ఆరేళ్ళు ఉండొచ్చు. ఇద్దరికీ అప్పుడే చేయించుకున్న గుండ్లు, వాటి మీద తడి ఆరని చందనం.

“మేడమ్, మా పాపకు పట్టీ కట్టండి.”

పాప పేరు లిఖిత అని చెప్పింది. నంబరు అడిగితే ఒక్కొక్క అంకే ఆగి ఆగి చెప్పి, నేను రాసింది వంగి చూసుకుంది.

“ఇది నీ నంబరేనా అమ్మా?”

“మా చెల్లెలిది మేడమ్. నా ఫోన్లో చార్జింగ్ లేదు.”

ఆ జవాబు మేం రోజూ ఎందరి దగ్గరో వింటాం. “పాప వాళ్ళ నాయన రాలేదా?” అన్నాను.

“మగ్గం కాడ ఉండాడు. మాది నగరి. ఆర్డరు ఉండాదని రాలేదు.”

వెంకటముని పాపను కదిలించాడు. “ఏం పాపా, గుండు గీసేటప్పుడు ఎవురు ఏడ్సింది? నువ్వా, మీ అమ్మా?”

“అమ్మే,” అంది పాప.

ఆమె తల మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. “ఇప్పుడు తేలిగ్గా ఉండాది సార్,” అంది. ఆ తర్వాత పాపను మా బెంచీ మీద కూర్చోబెట్టి, “ఈడనే ఉండు బంగారూ, ఇడ్లీ తీసుకొస్తా,” అని చెప్పి రోడ్డు దాటి వెళ్ళింది. తిరిగి రాలేదు.

కొంతసేపు చూశాం. హోటళ్ళ దగ్గర రద్దీ ఎక్కువ, క్యూలో నిలబడి ఉంటుందనుకున్నాం. తర్వాత మైకులో పిలిచాం. పాప ఏడవకుండా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. చివరికి బ్యాండు మీది నంబరుకు ఫోన్ చేసి, తిరుపతి పోలీసునని చెప్పాను. అవతల ఒక ఆడగొంతు.

“పోలీసా? అక్క దొరికిందా మేడమ్?”

పాపకు వినబడకుండా పక్కకు జరిగాను. ఫోనులో ఉన్నది పద్మ, ఆమె చెల్లెలు. వెళ్ళిపోయినామె పేరు కళావతి. ముందురోజు నుంచి తల్లీకూతుళ్ళు ఇంట్లో లేరనీ, బావ శేఖర్ నగరి స్టేషన్‌లో మిస్సింగ్ కేసు పెట్టాడనీ పద్మ చెప్పింది. మిస్సింగ్ కేసు అంటే మనిషి కనబడటం లేదని నమోదు చేసి, ఫొటో, ఆనవాళ్ళు అన్ని స్టేషన్లకూ పంపడం.

ఆ ఫొటో మాకూ వచ్చే ఉంది. పట్టుచీర, మెడ పక్క నుంచి ముందుకు వేసుకున్న జడ, జడ నిండా మల్లెపూలు. కింద ఆనవాళ్ళలో మొదటిదే “నడుము దాకా జుట్టు” అని ఉంది. ఆ ఫొటో చేతిలో పట్టుకుని మా పక్కనే బస్సులు వెతికిన కానిస్టేబుళ్ళకు ఆమె ఎదురుపడి ఉన్నా తెలిసేది కాదు. తిరుపతిలో వెతకడంలో ఉన్న కష్టమే ఇది. ఇంట్లోంచి బయల్దేరిన మనిషి ఒకరు, కొండ దిగి వచ్చే మనిషి మరొకరు. వెంటనే పోలీసు వాట్సాప్ గ్రూపులన్నిటికీ కబురు పెట్టాను, గుండుతో ఉంది, చందనం పూసుకుంది, ముదురాకుపచ్చ చీర అని.

వెంకటముని తల అడ్డంగా ఊపాడు. “అక్కా, తిరుపతిలో గుండు ఆనవాలని చెప్తే, ఏట్లో నీళ్ళు ఆనవాలని చెప్పినట్టు. ఏ గుండని పట్టుకుంటారు?” ఎగతాళి కాదది. అతని గొంతులో భయం ఉంది. సైకిలు తీసుకుని తనే వెతకడానికి పోయాడు.

మధ్యాహ్నం దాటాక పద్మ వచ్చింది. పాప ఆమె మెడను చుట్టుకుని ఇక వదల్లేదు. పద్మ ఆ గుండు నిమురుతూ, అక్క కూడా ఇలాగే చేయించుకుందా అని అడిగింది. ఔనన్నాను. పద్మ పాప తలను భుజానికి ఆనించుకుని, చెవి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆ జుట్టు పట్టుకునే మేడమ్, బావ ఈడ్సేది,” అంది. “ఎవరితోనో మాట్లాడతాండావని అనుమానం. ఆమె ఫోను పగలగొట్టేసినాడు. పక్కింటోళ్ళు వస్తే మొగుడూ పెళ్ళాల మధ్య మీకేం పనని వాళ్ళత్త తలుపేసేది. నేను రమ్మంటే, ఆడపిల్లను పెట్టుకుని నీ ఇంటికి ఎట్ల వచ్చేది అనేది.”

సాయంత్రం రైల్వే పోలీసుల నుంచి సమాచారం వచ్చింది. పట్టాల దగ్గర, రైలు తగిలి చనిపోయిన ఒక మహిళ. గుండు. ముదురాకుపచ్చ చీర.

నేను గది వెనక్కి వెళ్ళి గోడకు తల ఆనించి ప్రార్థన చేశాను. ఆమె కాకూడదని అడిగాను. అలా అడగడంలో అర్థం లేదని తెలుసు, జరిగినది జరిగిపోయింది. అయినా అడిగాను.

మర్నాడు పొద్దున మార్చురీకి శేఖర్, అతని తల్లి వచ్చారు. రైల్వే ఎస్సై ఇన్‌క్వెస్ట్ చేయాలి. అంటే మనిషి ఎవరో, ఎలా చనిపోయారో బంధువుల ముందర విచారించి రాయడం. పద్మ పాపను వదిలి రాలేకపోయింది, పాపను అక్కడికి తీసుకురావడం నాకు ఇష్టం లేదు. కళావతిని బతికుండగా చివరగా చూసి మాట్లాడినదాన్ని కాబట్టి నన్ను పిలిచారు.

గుడ్డ తీయగానే నేను గుర్తుపట్టాను. ముఖానికి పెద్దగా దెబ్బ తగల్లేదు.

శేఖర్ ఒక్కసారి చూసి వెనక్కి జరిగాడు. “ఈమె కాదు సార్. మా ఆమెకు జుట్టు ఉండాది. ఇంత జుట్టు.” చేత్తో నడుము దగ్గర చూపించాడు.

“కాదు, కాదు,” అంది అతని తల్లి దగ్గరకైనా రాకుండా. “మా కోడలు ఇట్ల గుండు గీయించుకునే రకమా? అది ఎవడితోనో యాడికో లేచిపోయింది. మా వీధంతా తెలుసు. ఈ పీనుగను మాకు అంటగట్టద్దండి.”

ఎస్సై నా వైపు చూశాడు. నేను చెప్పింది రాసుకుంటాడు, కానీ రేపు చెల్లెలు వచ్చి ఔనన్నా, భర్త కాదంటే అక్కడితో ఆగదు. రక్త నమూనాలు తీయాలి, పరీక్షకు పంపాలి, నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆమె “గుర్తు తెలియని మహిళ”. మున్సిపాలిటీవాళ్ళు పూడుస్తారు. నగరిలోనేమో మిస్సింగ్ కేసు అలాగే ఉంటుంది, వీధిలో మాట గట్టిపడుతుంది. ఆ పాప పెద్దదై బడికి పోతుంటే, మీ అమ్మ లేచిపోయిందంట గదా అని అడుగుతారు. చనిపోయిన తల్లి కోసం ఏడ్చే హక్కు కూడా ఆ బిడ్డకు ఉండదు. ఆ గదిలో నిలబడి నేను ఆలోచించింది ఇదొక్కటే. కళావతికి ఇక మేం చేయగలిగిన సేవ ఏదైనా ఉంటే, ఆమె పేరు ఆమెకు ఇవ్వడమే.

నా సంచిలో ముసుగు ఉంది. మా సంఘంలో ఆడవాళ్ళు ప్రార్థనకు తల కప్పుకుంటారు, అందుకని తెల్లటి గుడ్డ ఒకటి ఎప్పుడూ నాతో ఉంటుంది. దాన్ని తీసి కళావతి తల మీదుగా, నుదుటి దాకా కప్పి, చెవుల వెనక సర్దాను. గుండు కనబడకుండా పోయింది. ముఖం మాత్రం మిగిలింది. ఒక మామూలు ఇల్లాలు కొంగు కప్పుకుని పడుకున్నట్టు ఉంది.

“జుట్టు సంగతి వదిలెయ్ అప్పా,” అన్నాను. “ముఖం సూడు.”

అతను రాలేదు. ఎస్సై భుజం మీద చెయ్యి వేసి ముందుకు తెచ్చాడు. శేఖర్ చూశాడు. ఈసారి కళ్ళు పక్కకు తిప్పుకోవడానికి అతనికి సాకు లేదు.

వెనక నుంచి తల్లి, “కాదని చెప్పుర్రా, పోదాం,” అంది.

“నోరు మూయ్ మా,” అన్నాడు. “కళే. మా కళే.” అక్కడే నేల మీద కూలబడ్డాడు.

అతని మీద నాకు జాలి కలిగిందా అని తర్వాత మా నాయన అడిగారు. కలిగింది. కోపం కూడా తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి. పద్మ ఇచ్చిన వాంగ్మూలం మీద అతని పైనా, తల్లి పైనా కేసు నమోదైంది. అది కోర్టులో నడుస్తోంది కాబట్టి ఇంతకంటే రాయను.

ఆదివారం సంఘంలో ఆమె పేరు చెప్పి ప్రార్థించమని అడిగాను. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మన పద్ధతి కాదమ్మా, బిడ్డ కోసం చేద్దాం అన్నారు ఒక పెద్దాయన. ఆయన చెప్పింది మేం నేర్చుకున్న వాక్యం ప్రకారం సరైనదే. అందరితో కలిసి పాప కోసం ప్రార్థించాను. మన తల మీది ప్రతి వెంట్రుకా దేవునికి తెలుసని చిన్నప్పటి నుంచి నమ్ముతూ వచ్చినదాన్ని. కొండ మీద రాలిపోయిన ఆ జుట్టు కూడా ఆయనకు తెలిసే ఉంటుందనుకున్నాను. అంతకు మించి ఆయన తీర్పులో చెయ్యి పెట్టే ధైర్యం నాకు లేదు.

తిరుపతిలోనే జరిగిన అంత్యక్రియల తర్వాత, పాప బట్టలు, బడి పుస్తకాలు తెచ్చుకోవడానికి పద్మ నగరి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. సెలవు పెట్టాను, కానీ కావాలనే యూనిఫాంలో వెళ్ళాను. శేఖర్ వాళ్ళ వీధిలో ఇంటింటికీ పవర్‌లూమ్ మగ్గాలే, మాట వినబడనంత మోత. పాప చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఒక గుమ్మంలో కూర్చున్న పెద్దామె లేచి నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా అడిగింది.

“ఏం పోలీసమ్మా, ఈ పిల్ల తల్లి ఎవడితోనో పోయిందంట గదా? దొరికిందా?”

పద్మ నన్ను చూసింది. పాప కూడా తలెత్తి చూసింది.

“మీ మగ్గం ఒక్క నిమిషం ఆపమ్మా,” అన్నాను ఆమెతో. లోపల ఉన్న కొడుకు ఆపాడు. యూనిఫాం చూసి ఎదురింటివాళ్ళూ ఆపారు. తర్వాత పక్కవాళ్ళు. ఒక్కొక్కటే ఆగి, వీధి మొత్తం మోత తగ్గింది. గుమ్మాల్లోకి జనం వచ్చారు.

సహాయ కేంద్రంలో మైకు ముందు మాట్లాడే గొంతుతోనే చెప్పాను. “కళావతి ఎవరితోనూ పోలేదు. ఇంట్లో పెట్టిన బాధ తట్టుకోలేక బిడ్డను తీసుకుని తిరుపతికి వచ్చింది. బిడ్డకు ఏమీ కాకూడదని పోలీసుల దగ్గర వదిలింది. ఆమె చనిపోయింది. కళ్ళారా చూసినదాన్ని చెప్తా ఉండా. ఈ బిడ్డ ముందర ఇంకో మాట ఎవరూ అనద్దండి.”

అడిగిన పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పక్కింట్లోనే ఉండాం మేడమ్. మాకు ఇనబడేది,” అంది మెల్లగా. లోపలికి పోయి గిన్నెతో ఏదో తెచ్చి పాపకు పెట్టబోయింది. పాప పద్మ వెనక్కి తప్పుకుంది.

ఇప్పుడు నేను వేరే చోట పనిచేస్తున్నాను. మా సహాయ కేంద్రంలో ఆ తర్వాత ఒక మార్పు తెచ్చాం. బ్యాండు కట్టేటప్పుడు, గుండు అయ్యాక పిల్లలదీ పెద్దవాళ్ళదీ ఒక ఫొటో తీసుకోమని ప్రతి కుటుంబానికీ చెప్తారు. తీసుకోవడానికి ఫోను లేదన్న ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఇంట్లో అంతా బాగుందా అని ఒక ఆడ కానిస్టేబులే అడుగుతుంది. కొందరు విసుక్కుంటారు. కొందరు ఏడుస్తారు. ఏడ్చినవాళ్ళను ఒంటరిగా పంపం.

ఈ కేసు నాకు నేర్పింది మాత్రం మరొకటి. తప్పిపోయిన మనిషిని వెతకడం మా పని అని శిక్షణలో చెప్పారు. ఆ మనిషి ప్రాణంతో దొరక్కపోతే పని అయిపోయినట్టేనని నేనూ అనుకునేదాన్ని. కాదు. ఆమె గురించిన నిజాన్ని ఆమె ఇంటి వీధి దాకా మోసుకుపోయి, అక్కడ నిలబడి, అందరికీ వినబడేలా చెప్పి రావాలి. నగరిలో ఆ రోజు బస్సెక్కేటప్పుడు మగ్గాలు ఇంకా మొదలవలేదు. కిటికీ పక్కన కూర్చున్నాక లిఖిత మొదటిసారి పెద్దగా ఏడ్చింది, “అమ్మా” అని. పద్మ ఊరుకోబెట్టబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఏడవనిచ్చాం.