గుర్రానికి వేసిన కొసరు

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మాకు తవుడు, ఉలవలు అమ్మే కొట్టు ఉండేది. తూకం అయ్యాక పైన గుప్పెడు కొసరు వేయనిదే మా నాన్నగారు సంచి మూతి కట్టనిచ్చేవారు కాదు. నాకు ఏడో ఏడు వచ్చేసరికి ఆ గుప్పెడు వేసే పని నాకు అప్పగించారు. ఇక కొట్టంతా నా చేతిమీదే నడుస్తోందని నా ధీమా.

కొట్టు పక్క సందులో జట్కా తోలే సాయిబుగారు ఉండేవారు. నేను జట్కా తాతగారూ అని పిలిచేదాన్ని. ఆయనకున్నది ఒకటే గుర్రం. అది స్టేషనుకి వెళ్లివస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఒకరోజు పొద్దున్నే అది ఆకలిమీద పొడి తవుడు ఆత్రంగా మింగేసింది. తవుడు గొంతులో గడ్డకట్టుకుపోయింది. మెడ చాచి దగ్గుతుంటే ముక్కుల్లోంచి తవుడూ చొంగా కారాయి. పశువుల డాక్టరుగారు వచ్చి, ముక్కులోంచి గొట్టం దింపి, నీళ్లు పోసీ పోసీ మధ్యాహ్నానికి దాన్ని దక్కించారు. గొంతు లోపల ఒరిసిపోయి ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు పొడి మేత, ఎండుగడ్డి ముట్టనివ్వొద్దనీ, ఉలవలు మెత్తగా ఉడికించి జావలా చేసి, కొద్దికొద్దిగా రోజుకి చాలాసార్లు పెట్టమనీ చెప్పి వెళ్లారు.

మర్నాడు నేను వెళ్లి చూస్తే తొట్టి అడుగున రెండు గరిటెల జావ ఉంది. అంత గుర్రానికి అంతేనా అని నాకు ఏడుపొచ్చింది. తాతగారు లోపలికి వెళ్లడం చూసి, కొట్లోంచి గౌను ఒళ్లో తవుడు తెచ్చి దాని ముందు గుప్పెడు కొసరు వేశాను. అది ఒక్క ఊపున నాకేసి, వెంటనే దగ్గడం మొదలుపెట్టింది.

తాతగారు పరుగున వచ్చారు. నా గౌనుకి అంటిన తవుడు చూశారు. దాని తల కిందికి వంచి పట్టుకుని మెడ నిమురుతూ నిలబడ్డారు. దాన్ని నేనే చంపేశానని అనుకున్నాను. చాలాసేపటికి దగ్గు తగ్గింది. ఆయన గోడకి చేరగిలబడి కూర్చున్నారు.

తిడతారనుకుంటే, మళ్లీ జావ పెట్టే వేళకి నన్నే పిలిచారు. నా అరచెయ్యి గుర్రం మెడకి ఎడమ పక్క ఆనించారు.

"ముద్ద దిగుతుంటే ఇక్కడ చిన్న అల కదులుతుందండి, అమ్మాయిగారూ. అది కిందిదాకా పోయాకే రెండో ముద్ద. దానికి ఆకలని మనకి తెలుసు. అయినా ఆగాలండి."

మరి కొసరో అని అడిగాను.

"తర్వాత వేద్దురుగాని. ముందు గొంతు మాననివ్వండి."

గుర్రం కోలుకున్నాక కూడా ఆయన తొట్టిలో పెద్ద గుండ్రాళ్లు వేసి మేత పెట్టేవారు. రాళ్ల సందుల్లోంచి ఏరుకు తినాలి కాబట్టి గబగబా మింగడం కుదరదు. నెల తిరిగాక ఒకరోజు తానే పిలిచి, బాగా తడిపిన తవుడు ఒక గుప్పెడు నాచేత వేయించారు.

ఇప్పుడు వట్లూరులో ఉంటున్నాం. మా ఆయనకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. మింగడం కష్టం, పొరబోతే ప్రమాదమన్నారు. గిన్నెడు మెత్తటి జావ తాగించడానికి గంట పడుతుంది, అలా రోజుకి ఆరుసార్లు. చెయ్యి లాగేస్తుంది. దాచుకోవడం దేనికి, విసుగూ వస్తుంది. తొందరగా అయిపోతే కాసేపు నడుం వాల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. అయినా నా కళ్లు ఆయన గొంతుమీదే ఉంటాయి.

నోట్లో ముద్ద దిగకముందే ఆయన గిన్నెకేసి చూసి, ఇంకొంచెం పెట్టమని సైగ చేస్తారు. కొట్టులో పెరిగిన చెయ్యి కదా, దానంతటదే లేస్తుంది. దాన్ని ఆపుకుని, తర్వాత పెడతానండీ అంటాను. తాతగారు ఆ మాట నాకు చెప్పి నిలబెట్టుకున్నారు. నేను నిలబెట్టుకోగలనో లేదో తెలియదు. చెంచా గిన్నెలోనే ఉంచి, ఆయన గొంతు కదిలేదాకా చూస్తూ కూర్చుంటాను.