కాన్‌స్టాంటినోపుల్ చూపించిన సార్

మా హిస్టరీ సార్ పోయారని ఆర్మూర్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. మార్కెట్లో పసుపు కాంటాలు ఆపి, కొందరు రైతులు అలాగే ఖబరస్తాన్ దాకా నడిచారట. వాళ్ళూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే.

ఎనభైల్లో నేను వేల్పూర్ నుంచి బస్సులో ఇంటర్‌కు ఆర్మూర్ వచ్చేదాన్ని. సార్ పుస్తకం తెరిచేవారు కాదు. కళ్ళు సగం మూసుకుని చెబుతుంటే, మేమెన్నడూ చూడని కాన్‌స్టాంటినోపుల్ నగరం మెల్లగా బెంచీల మధ్యకు వచ్చి నిలిచేది. అక్కడ ఒక పెద్ద చర్చి. గుమ్మటం చుట్టూ కిటికీలు. వెలుతురు పడితే ఆ గుమ్మటం గాలిలో తేలుతున్నట్టే ఉండేదట. "తొందర పడకుండ్రి. జరసేపు గీడ్నే నిలవడుదాం," అనేవారు.

ఒకరోజు ముస్లిం టర్కులు ఆ నగరాన్ని గెలిచిన పాఠం. ఓడలను కొండమీదుగా లాక్కొచ్చారని చెబుతుండగా నేను లేచాను.

"గెలిచింది మీవాళ్ళే గదా సార్. మీకు ఖుషీ అనిపిస్తదా?"

సార్ చేతుల సుద్దపొడి దులుపుకున్నారు.

"గా పొద్దు గోడ లోపట ఒకామె పిల్లలకు రొట్టె కాలుస్తుండె అనుకో బిడ్డా. గోడ బయట ఒక సిపాయి ఇంటికెప్పుడు పోతనా అని చూస్తుండె. నావాళ్ళంటే గా ఇద్దరే."

ఆ తర్వాత సార్ చాయ్ కూడా తాగలేదని అటెండర్ చెప్పాడు. తప్పయిందని చెప్పడానికి రెండుసార్లు స్టాఫ్ రూమ్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. పరీక్షలైపోయాయి. నేనూ హిస్టరీ చదివి టీచర్నయ్యాను.

తొంభైల చివర్లో, షుగర్ వల్ల ఆయన చూపు పోయిందని తెలిసి ఇంటికి వెళ్ళాను. గొంతు విని గుర్తుపట్టారు.

"సార్, గా దినం నేను గట్ల అడగకపోవాల్సింది," అన్నాను.

"అడిగినవు గాబట్టే చెప్పిన. మనసుల పెట్టుకొని ఊకున్నోళ్ళకు నేనేం చెప్తును?" అన్నారు. తర్వాత, "నీ క్లాసుల ఇప్పుడేం నడుస్తుంది?" అని అడిగారు.

"రష్యా, సార్. కీవ్ వాళ్ళు పడవలేసుకొని కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చుడు."

ఆయన ముఖం విప్పారింది. నా సంచిలోని పటం పరవమన్నారు. ఆయన వేలు పట్టుకుని కీవ్ మీద పెట్టాను. తేనె, మైనం, తోళ్ళు నింపుకున్న పడవల గురించి చెబుతూ, ఆ వేలిని నది వెంట దక్షిణానికి నడిపించాను.

"నల్ల సముద్రం అచ్చిందా?"

"అచ్చింది సార్."

వేలు అక్కడే ఉంచారు. గాలి కోసం ఆగిన పడవవాడిలా, "తొందర పడకు బిడ్డా. జరసేపు గీడ్నే నిలవడుదాం," అన్నారు.